కాపురం ఉంటూనే మిద్దెకు మరమ్మతు

కర్నూలు, కడప సీమలో పాత ఇంటి మరమ్మతు పైకప్పుతో మొదలవుతుంది. ఇక్కడి పాత ఇల్లు చాలావరకు మిద్దె ఇల్లే. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటి మీద దూలాలు, దూలాలకు అడ్డంగా దంతెలు, దంతెల మీద నాపబండలు గానీ కట్టెపుల్లలూ కంపా గానీ, ఆపైన మట్టి, అన్నిటికీ పైన చౌడు. కట్టినవాళ్లు దూరం నుంచి తెచ్చిన సరుకు చాలా తక్కువ. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల్లో సున్నపురాయి పొరలు పొరలుగా నేలలోనే ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని నార్జి సున్నపురాయి అంటారు. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు రాతి పొరల మీద రాసిన పెద్ద నివేదికతో ఈ రాళ్లు శాస్త్ర గ్రంథాలకెక్కాయి. ఊళ్లో దాని పేరు నాపరాయి, బయటి రాష్ట్రాల్లో కడప రాయి.

ఇలాంటి ఇంటిని ఖాళీ చేసి, వేరే చోట అద్దెకుండి, మొత్తం ఒకేసారి బాగుచేయించుకునే స్తోమత తక్కువ మందికే ఉంటుంది. డబ్బు పంట చేతికొచ్చినప్పుడు కొంత, బ్యాంకు అప్పో చీటీ డబ్బో అందినప్పుడు కొంత వస్తుంది. పశువులున్న ఇల్లయితే కదలడం అసలే కుదరదు. అందుకే చాలా కుటుంబాలు అదే ఇంట్లో వండుకుంటూ, పడుకుంటూ, చేతనైన పని సొంతంగా చేసుకుంటూ, చేతకానిదానికి బేల్దారి మేస్త్రీని పిలుచుకుంటూ రెండు మూడేళ్లు ఈ పని సాగిస్తాయి. ఈ పద్ధతిలో ఇబ్బంది ఉన్నా ఒక మేలు కూడా ఉంది. ఇంటితో రోజూ కాపురం చేసేవాళ్లకు దాని లోపాలు ఎంత మంచి మేస్త్రీకి తెలిసేదానికన్నా ఎక్కువ తెలుస్తాయి. దెబ్బతినేది ఎక్కువగా పనుల వరుస తప్పినప్పుడే. తెరిచిన పని మూయకుండా ఇంకోటి తెరిస్తే, పడసాలలో గచ్చు లేపి, వంటింట్లో గోడ చెక్కి, మిద్దె మీద మట్టి తోడి, ఏదీ ముగియక మొదటి వాన నెత్తిన పడుతుంది.

ఒక ఎండాకాలం, ఒక వానాకాలం

పని మొదలుపెట్టేముందు ఇంటిని కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పరిశీలించాలి. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా చాలామంది చేయరు. నంద్యాల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల నేల ఎక్కువగా నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని బారెడు లోతు నెర్రెలిస్తుంది. దాని మీద నిలిచిన ఇల్లూ దాంతో పాటే కదులుతుంది. మే నెలలో వేలు దూరేంత పగులు కనిపిస్తుంది, ఆగస్టుకు అది గీతలా సన్నబడుతుంది. ఎండాకాలంలో దాన్ని సిమెంటుతో బిగించి పూడ్చితే, వానలకు నేల ఉబ్బినప్పుడు గోడకు సర్దుకోవడానికి చోటుండదు. పగులు పక్కనే ఇంకోచోట తెరుచుకుంటుంది.

పగులు ఆగిపోయిందా, ఇంకా పెరుగుతోందా అని తేల్చుకోవడానికి పాత ఉపాయం ఒకటుంది. పగులుకు అడ్డంగా పలుచని గాజు ముక్కను రెండు వైపులా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాస్తారు. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఏడాదంతా గాజు నిలిచిందంటే అది పాత గాయం, పూడ్చుకోవచ్చు. నెలలోనే పగిలితే పునాది సంగతి తెలిసిన ఇంజనీరుకు చూపించాలి. గోడ నిటారుగా ఉందో లేదో తూకం గుండు చెబుతుంది. దారానికి బరువు కట్టి పైనుంచి వదిలితే, పొట్ట ఉబ్బిన చోట దారం గోడను తాకుతుంది, మిగతా చోట్ల ఎడంగా వేలాడుతుంది.

వానాకాలంలో చూడాల్సింది మిద్దె ఎక్కడ ఉరుస్తోందనేది. చుక్క పడిన చోటికి నేరుగా పైనే రంధ్రం ఉంటుందనుకోవడం పొరపాటు. నీళ్లు మట్టిలో ఒకచోట దిగి, దంతె వెంబడి పాకి, రెండు మూడు అడుగుల అవతల కారతాయి. కారిన ప్రతిచోటా దంతె మీద బొగ్గుతో గుర్తు పెట్టి, వాన వెలిశాక మిద్దెక్కి, పల్లం ఎటుందో, నీళ్లు బయటికి పడే దోనె దగ్గర ఎక్కడ నిలిచాయో చూసి పోల్చుకుంటే అసలు చోటు దొరుకుతుంది.

పనికి అదను

ఈ సీమలో ఏడాదికి కురిసేది ఇంచుమించు 600 నుంచి 700 మిల్లీమీటర్లు. అది కూడా కొద్ది రోజుల్లో కుండపోతగా పడుతుంది. కర్నూలు వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముఖ్యం. కడప వైపు దానికి తోడు అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల తుపాను వానలు వస్తాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది అలాంటి వానలకే. అందుచేత సెప్టెంబరు వెళ్లిందని కడప జిల్లాలో మిద్దె తెరవడం ప్రమాదం.

ఎండాకాలానిది ఇంకో చిక్కు. వాన భయం ఉండదు, మిద్దె మీదే పడుకోవచ్చు కాబట్టి గదులు ఖాళీగా దొరుకుతాయి, పిల్లలకు సెలవులు. కానీ సిమెంటు పనికి కావలసింది తడి. 40 డిగ్రీలు దాటిన ఎండలో పోసే కాంక్రీటుకు మన జాతీయ ప్రమాణాలు ప్రత్యేక జాగ్రత్తలే చెబుతాయి. పొడిగా, వేడిగా ఉండే చోట మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం 10 రోజులు, బూడిద కలిసిన రకాలైతే 14 రోజులు తడారనివ్వకూడదు. మే నెలలో బోర్లు అడుగంటి ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో రెండు వారాలు రెండు పూటలా గోడలకూ కప్పుకూ నీళ్లు కొట్టడం అందరికీ సాధ్యం కాదు. నీళ్లు చాలని గచ్చు ఆరునెలలకే పొడిపొడిగా రాలుతుంది. తప్పు సిమెంటు కంపెనీ మీద పడుతుంది.

అన్నీ కలిపి చూస్తే సంక్రాంతి తర్వాత నుంచి ఉగాది దాకా ఉన్న కాలమే మంచిది. తుపానులు వెళ్లిపోతాయి, ఎండ ముదరదు, బావిలోనూ బోరులోనూ కొంత నీరుంటుంది. మాఘమాసం ముహూర్తాలూ అప్పుడే. ద్వారబంధం ఎత్తడం, పొయ్యి మార్చడం వంటివాటికి ఇక్కడ ముహూర్తం చూడకుండా ఒప్పుకోరు. ఇంట్లో గర్భిణి ఉంటే గోడ కొట్టడం, ఇల్లు మార్చడం లాంటివి చేయకూడదన్న ఆచారం కూడా బలంగా ఉంది. కారణం ఏం చెప్పుకున్నా, దుమ్ములో, ఎగుడుదిగుడు నేల మీద, రాళ్ల మధ్య నిండుచూలాలు తిరగాల్సిన అవసరం తప్పించే ఆచారం అది. దాన్ని పాటించడంలో నష్టం లేదు.

మిద్దె మీద మట్టి

చౌడు పనిచేసే తీరు తెలిస్తే మిద్దెను ఎలా కాపాడుకోవాలో తెలుస్తుంది. చౌడు మట్టిలో సోడియం లవణాలు ఎక్కువ. తడిసినప్పుడు అందులోని బంకమట్టి రేణువులు విడివిడిగా చెదిరి, సన్నని సందులన్నిటినీ పూడ్చేస్తాయి. పై పొర తడిసి బిగుసుకుంటే కిందికి నీళ్లు దిగవు. పొలంలో నీటిని ఇంకనివ్వక పంటను చంపే గుణమే మిద్దె మీద ఇంటిని కాపాడుతుంది. అయితే ఎండకు అది పొడిబారి గాలికి కొంత, వానకు కొంత కొట్టుకుపోతుంది. అందుకే తొలకరికి ముందు ఏటా కొత్త చౌడు పోసి చదును చేస్తారు.

పోయడం అందరికీ గుర్తుంటుంది. పాతది తీయడం చాలామంది మరిచిపోతారు. తరాలుగా పోసిన మట్టి అడుగున్నర, రెండడుగులకు పెరిగిన మిద్దెలున్నాయి. పది అడుగులకు పన్నెండు అడుగుల గది మీద అడుగు మందాన మట్టి ఉందంటే 120 ఘనపుటడుగులు. ఘనపుటడుగు పొడిమట్టి 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. అంటే ఐదున్నర, ఆరు టన్నుల బరువు నిద్రపోయేవాళ్ల తల మీద ఉంటుంది. ముసురు పట్టి మూడు రోజులు నానితే ఇంకా పెరుగుతుంది. 2024 ఆగస్టు మొదట్లో నంద్యాల జిల్లా చాగలమర్రి మండలం చిన్నవంగలిలో రాత్రిపూట మట్టి మిద్దె కూలి ఒకే కుటుంబంలో నలుగురు నిద్రలోనే ప్రాణాలు వదిలారు. వానాకాలంలో ఇలాంటి వార్త ఈ జిల్లాల్లో తరచూ వస్తుంది. కాబట్టి మరమ్మతులో మొట్టమొదటి రూపాయి మిద్దెకే ఖర్చు కావాలి. వంటింటి టైల్సూ రంగులూ ఏళ్ల తరబడి ఆగినా ఏం కాదు.

దూలం బాగుందో లేదో మధ్యలో చూస్తే తెలియదు. అది గోడలోకి దిగిన చివర మొదట పాడవుతుంది. అక్కడే తేమ చేరుతుంది, అక్కడికే గోడ వెంబడి చెదలు ఎక్కుతాయి. సుత్తితో తడితే గట్టి కట్టె ఖంగుమంటుంది, పుచ్చింది డొల్లగా మోగుతుంది. ఆరె గానీ మొన ఉన్న ఇనుప చువ్వ గానీ గుచ్చితే అర అంగుళం సులువుగా దిగిందంటే ఆ దూలాన్ని నమ్మకూడదు. ఈ పరీక్ష ఇంటివాళ్లే చేసుకోవచ్చు. దూలం మార్చడం మాత్రం అనుభవం ఉన్న మేస్త్రీ పని. మట్టి దించేటప్పుడు గది ఖాళీ చేసి, దూలాల కింద గట్టి పోటు కర్రలు నిలబెట్టి, పలుచని పొరలుగా, దూలానికి రెండు వైపులా సమంగా తీసుకుంటూ రావాలి. తవ్విన మట్టిని మిద్దె మీదే ఒక మూల కుప్ప పోయడం ఎంతో ప్రమాదం. బరువు తగ్గించే పనిలో ఒకచోట రెట్టింపు బరువు పెట్టినట్టవుతుంది.

మట్టి తీసి నాలుగంగుళాల కాంక్రీటు పోస్తే బరువు సగానికి తగ్గుతుందన్న లెక్క నిజమే. అయినా రెండు విషయాలు ఆలోచించాలి. పాత దంతెల మీదా పాత బండల మీదా కాంక్రీటు పోస్తే, కింద కట్టె పుచ్చినా పైకి కనబడదు. ఇనుము సరిగా కట్టి గోడల మీద నిలిచే కప్పుగా పోస్తేనే దానికి అర్థం. రెండోది వేడి. అడుగు మందం మట్టి పగటి ఎండను లోపలికి చేరనివ్వడానికి చాలా గంటలు తీసుకుంటుంది. నాలుగంగుళాల కాంక్రీటు మధ్యాహ్నానికే కాలి, అర్ధరాత్రి దాకా గదిలోకి వేడి వదులుతుంది. కాంక్రీటు తప్పనిసరైతే దాని మీద తెల్ల సున్నం గానీ ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు గానీ కొట్టాలి. ఈ పద్ధతిని ప్రోత్సహించడానికే తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. పని తేలిక, ఒక ఉదయం పూట ఇంటివాళ్లు చీపురుకట్టతో చేసుకోగలిగింది.

ఒకవేళ మిద్దెను మిద్దెగానే ఉంచుకుంటే, మట్టిని అరడుగుకు తగ్గించి, పల్లం దోనె వైపు సరిచేసి, కొత్త చౌడు పోసుకోవడం చవకైన దారి. వెలుతురు కోసం పైకప్పులో వదిలిన గవాచిని మట్టితో పూడ్చేయకుండా, చుట్టూ గట్టు కట్టి గాజుపలక బిగించుకుంటే చీకటి పడసాల పగలంతా దీపం అక్కర్లేకుండా ఉంటుంది.

గోడకు సిమెంటా, సున్నమా

పాత రాతిగోడను బయట నుంచి చూస్తే ఒకే గోడలా ఉంటుంది. నిజానికి లోపలొక వరస, బయటొక వరస రాళ్లు పేర్చి, మధ్య ఖాళీని చిల్లరాళ్లతో మట్టితో నింపుతారు. కొత్త కిటికీ కోసమో అలమర కోసమో నడిమి రాళ్లు నాలుగు పెరికితే లోపలి చిల్ల ధారగా కారడం మొదలవుతుంది, పై రాళ్లు వదులవుతాయి. కాబట్టి గోడలో కొత్త కంత పెట్టడం సొంతంగా చేయకూడని పనుల్లో మొదటిది. ఇప్పటికే ఉన్న గూళ్లు చాలా పనికొస్తాయి. స్విచ్‌బోర్డు, మంచినీళ్ల ఫిల్టరు, పిల్లల పుస్తకాలు గూళ్లలోకి చేరితే గోడ చెక్కే పని సగం తప్పుతుంది.

ఇలాంటి గోడ నేల నుంచి కొద్దిగా తేమ పీల్చుకుంటుంది, గాలికి వదులుతుంది. మట్టిపూత, సున్నపుపూత ఆ తేమను బయటికి పోనిస్తాయి. గట్టి సిమెంటు పూత పోనివ్వదు. తేమ లోపలే ఉండి, మట్టి దర్జులను మెత్తబరిచి, కొన్నాళ్లకు సిమెంటు పూతను పలకలు పలకలుగా తోసేస్తుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా తెల్లని ఉప్పు పూసి రంగు రాలే గోడలన్నిటికీ కారణం ఇదే. ఆ ఉప్పు మీద మళ్లీ పుట్టీ పెట్టి రంగు వేయడం డబ్బు తగలేయడమే. విలియం మోరిస్ 1877లో ఇంగ్లండులో స్థాపించిన ప్రాచీన కట్టడాల రక్షణ సంఘం పాత గోడలకు సున్నమే వాడమని ఈనాటికీ చెబుతోంది. సున్నపురాళ్ల మధ్య బతికే కర్నూలు, కడప వాళ్లకు ఆ మాట కొత్త కాకూడదు.

సున్నం పని సొంతంగా నేర్చుకోవచ్చు. నానబెట్టి మాగిన సున్నం ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్లు. పలుచని పొరలుగా పూసి, ఒకటి గట్టిపడ్డాకే ఇంకోటి పూయాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది కాబట్టి తొందర పనికిరాదు. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేసేటప్పుడు అది సలసల మరుగుతుంది. కళ్లలో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లలను దూరంగా ఉంచి, నీళ్లలోకి సున్నం వేయాలి గానీ సున్నం మీద నీళ్లు కుమ్మరించకూడదు.

తడిసిన గోడ ఆరకముందే పూత వేయడం ఎంత నష్టమో కర్నూలు పాతబస్తీకి 2009లో తెలిసింది. ఆ ఏడు అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊరిని ముంచాయి. నీళ్లు దిగాక జనం ముందు బురద ఎత్తిపోసుకున్నారు. తలుపులూ కిటికీలూ తెరిచి నెలల తరబడి గాలి ఆడనిస్తే గోడ ఆరుతుంది. దీపావళికో సంక్రాంతికో ఇల్లు కళగా ఉండాలని వెంటనే రంగులు వేసిన చోట పొక్కులు తప్పవు. మందపాటి గోడ ఆరడానికి అంగుళానికి నెల చొప్పున పడుతుందని పడమటి దేశాల మరమ్మతు పుస్తకాల్లో ఒక మోటు లెక్క ఉంది. కర్నూలు ఎండకు అంత పట్టకపోవచ్చు. అయినా రెండడుగుల గోడ రెండు వారాల్లో ఆరదు.

కనబడని ప్రమాదాలు

ఇంట్లోనే ఉంటూ పని చేసేవాళ్లను ఎక్కువ బాధించేది దుమ్ము. అన్నంలో, పక్కబట్టల్లో, చంటిపిల్లల ఊపిరిలో అదే. పని జరిగే గదికి తలుపు మూసి, సందులకు తడి గోనెపట్టా వేలాడదీసి, చెక్కేముందు గోడ మీద నీళ్లు చల్లితే సగం దుమ్ము అక్కడే అణుగుతుంది. సిమెంటు, ఇసుక దుమ్ములో సన్నని సిలికా ఉంటుంది కాబట్టి ముక్కుకు తువ్వాలు చుట్టుకోవడం చాలదు, మంచి మాస్కు కావాలి.

పాత సిమెంటు రేకులు ఇంకా ప్రమాదం. వాటిలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. కడప జిల్లా పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లిలో ఆ ఖనిజం గనులు ఉండేవి కాబట్టి ఈ ప్రాంతానికి ఆస్బెస్టాస్ కొత్త కాదు. అన్ని రకాల ఆస్బెస్టాస్‌తోనూ క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రేకును పగలగొట్టకూడదు, రంపంతో కోయకూడదు, రుద్దకూడదు. తడిపి, మరలు విప్పి, పూర్తి రేకుగా దించాలి. పాత తలుపుల ఎనామిల్ రంగును గరుకు కాగితంతో గీకేటప్పుడు కూడా ఇలాంటి జాగ్రత్తే కావాలి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో ఎంతైనా ఉండవచ్చు.

రాళ్ల కుప్ప, పాత బండల దొంతర కదిలించేటప్పుడు చేత్తో కింద పట్టుకోకూడదు. గడ్డపారతో ఎత్తి, తేలూ మండ్రగబ్బా లేదని చూసుకున్నాకే వేళ్లు పెట్టాలి. మరుగుదొడ్డి తొట్టి మూత తీసి లోపలికి దిగడం ఎవరూ, ఎంత అనుభవం ఉన్నా, చేయకూడదు. అందులోని విషవాయువు ఒకటి రెండు ఊపిర్లకే మనిషిని పడేస్తుంది, కాపాడబోయినవాళ్లూ చనిపోతారు. మనుషుల చేత ఆ పని చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

కరెంటు పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌దే. ఇంటివాళ్లు అడిగి చేయించుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, లీకేజీ కరెంటు 30 మిల్లీఆంపియర్లు దాటగానే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ. మరమ్మతు రోజుల్లో తడి గోడ, తడి నేల, తాత్కాలిక వైర్లు అన్నీ ఒకేచోట ఉంటాయి కాబట్టి దాన్ని పని మొదలవకముందే బిగించాలి. రెండోది ఎర్తింగ్. ఎండిన నేల కరెంటును సరిగా లాక్కోదు. బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ గుంత తీయించి, ఎండాకాలంలో దానికీ బిందెడు నీళ్లు పోస్తుండాలి.

నీళ్లు, ఇసుక, లెక్కలు

సిమెంటు పనికి ఏ నీళ్లైనా సరిపోతాయనుకోకూడదు. ఇనుప చువ్వలున్న కాంక్రీటులో వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని జాతీయ ప్రమాణం. నోట్లో వేసుకుంటే ఉప్పగా తగిలే బోరు నీళ్లతో కప్పు పోస్తే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. ఇసుకను గాజుసీసాలో పోసి, నీళ్లు నింపి, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచితే, ఇసుక కిందికి దిగి మట్టి పైన పొరగా నిలుస్తుంది. మట్టి నూటికి ఎనిమిది పాళ్లు దాటితే ఆ ఇసుక కడగకుండా వాడకూడదు. పెన్నదైనా హంద్రీదైనా ట్రాక్టరు దిగకముందే ఈ పరీక్ష చేస్తే తర్వాత గొడవ ఉండదు. సొంతంగా పూత వేసేవాళ్లు మాలు కొంచెం కొంచెంగా, అరగంటలో అయిపోయేంతే కలుపుకోవాలి. బిగుసుకున్న మాలుకు మళ్లీ నీళ్లు పోసి మెత్తబరిస్తే అది గోడకు పట్టినట్టే పట్టి రాలిపోతుంది. కూలీకి సాధ్యం కాని శ్రద్ధతో రోజుకు నాలుగైదుసార్లు నీళ్లు కొట్టడం మాత్రం ఇంటివాళ్లు అందరికన్నా బాగా చేయగల పని.

మేస్త్రీతో ఒప్పందం పనిని బట్టి ఉండాలి. కొత్త కప్పు పోయడం లాంటి కొలతకు లొంగే పనిని గుత్తకు ఇవ్వవచ్చు. పాత ఇల్లు విప్పే పనిలో గోడ లోపల ఏముందో ఎవరికీ తెలియదు. గుత్తకు ఒప్పుకున్న మేస్త్రీ పుచ్చిన దూలం బయటపడినా పూత వేసి కప్పేయాలనే చూస్తాడు, అతని కూలి గిట్టాలి కదా. అలాంటి పనికి రోజుకూలి లెక్కే ఇద్దరికీ న్యాయం. అనుకున్న డబ్బులో మూడో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టుకోవాలి. విప్పాక బయటపడేవాటికే అది ఖర్చవుతుంది.

కాపురం నిలిచేందుకు మూడు చోట్లు ఎప్పుడూ చేతిలో ఉండాలి. దుమ్ము లేని ఒక పడకగది, వండుకునే చోటు, స్నానాలగదీ మరుగుదొడ్డీ. కొత్తది వాడకంలోకి వచ్చేదాకా ఉన్న ఒక్క మరుగుదొడ్డిని కొట్టకూడదు. ముసలివాళ్లున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. వంటిల్లు విప్పేముందు పంచలోనో పెరట్లోనో నాపబండ ఒకటి ఇటుకల మీద ఆనించి పొయ్యి గట్టు చేసుకుంటే, రెండు నెలలు హోటలు భోజనం మీద పడకుండా గడుస్తుంది. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రాసే పిల్లలుంటే వాళ్ల గది జోలికి మార్చి దాటేదాకా పోకూడదు.

చివరగా నేల

నేల పని అన్నిటికన్నా చివర. పైన మిద్దె, గోడ, వైర్లు, పైపులు అయ్యాకే కింద బండలు ముట్టుకోవాలి. లేకపోతే కొత్త నేల మీదే గూటాలు పడతాయి. పాత నాపబండలను తీసేసి మెరిసే టైల్స్ వేయడం ఇప్పుడు అలవాటైంది. బండల మీదే టైల్స్ పరిచేవాళ్లూ ఉన్నారు. అప్పుడు నేల మట్టం రెండంగుళాలు లేచి, తలుపులు కింద కోయాల్సి వస్తుంది, గడప కుంగినట్టవుతుంది, స్నానాలగది నీళ్లు పడసాలలోకి వస్తాయి. ఇంగ్లండులో బీబీసీ 1962లో బ్యారీ బక్నెల్ అనే ఆయన చేత ఒక పాత ఇంటిని వారం వారం టీవీలో బాగుచేయించింది. పాత చెక్కుడు తలుపుల మీద నున్నని అట్టపలక కొట్టి కప్పేయడం ఆయన నేర్పిన పద్ధతుల్లో ఒకటి. లక్షల మంది అలాగే చేశారు. తర్వాతి తరం ఆ పలకలు పీకి, తలుపులను మళ్లీ బయటికి తెచ్చుకుంది. నాపరాతి నేలకు ఆ గతి పట్టకుండా చూసుకునే అవకాశం ఇక్కడివాళ్లకు ఇంకా ఉంది.

ఎత్తుపల్లాలైన బండలను ఎత్తి, కింద ఇసుక సరిచేసి, మళ్లీ అవే పరుచుకోవచ్చు. ఎత్తేముందు ప్రతి బండకూ సుద్దముక్కతో అంకె వేసి, అవే అంకెలు కాగితం మీద గీసుకుంటే, కొలతలు కుదరక కోయాల్సిన పని ఉండదు. రెండడుగుల చదరపు బండ అంగుళమున్నర మందం ఉంటే 38 కిలోల దాకా తూగుతుంది. ఒక్కరే ఎత్తితే నడుము పట్టేస్తుంది, ఇద్దరు గడ్డపార సాయంతో నిలబెట్టి నడిపించుకోవాలి. పరిచాక రసమట్టంతో చూసి, సందులు పూడ్చి, పాలిష్ మిషను వాళ్లను పిలిస్తే కొత్త నేలే వస్తుంది. ఖర్చు టైల్స్‌తో పోల్చితే తక్కువ.

నాపరాయి సున్నపురాయి కాబట్టి పులుపు తగలకూడదు. వంటగట్టు మీద చింతపండు పులుసో నిమ్మరసమో చుక్క పడి నిమిషాలు ఆగితే, నల్లని మెరుపు పోయి బూడిదరంగు మచ్చ మిగులుతుంది. అది మురికి కాదు, ఆ మేరకు రాయే కరిగింది. ఎంత తోమినా పోదు, మళ్లీ పాలిష్ పట్టాలి. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా తొలుచుకుపోయింది ఈ రాయిలోనే, నేలలోకి ఇంకిన నీటిలోని కొద్దిపాటి ఆమ్లానికే. పని అయ్యాక బండల మీద పడ్డ సిమెంటు మరకలు పోగొట్టడానికి బాత్‌రూమ్ యాసిడ్ పోయడం ఇందుకే వద్దు. మరకలు పచ్చిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తుడవాలి, ఎండితే కట్టెముక్కతో గీకాలి.

సున్నం కొట్టి, గోడ అడుగున జాజు పట్టీ దిద్దుకోవడంతో పని ముగుస్తుంది. గోడలు మూయకముందు తీసిన వైర్ల, పైపుల ఫొటోలూ, ఏ మూల నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఏది పోతుందో కొలతలు రాసిన కాగితమూ ఇంటి పత్రాలతో పాటు పెట్టెలో దాచుకోవాలి. మిగిలిన నాపబండలు నాలుగైదు పెరట్లో ఉంచుకోవాలి, అదే మందం, అదే రంగు గని నుంచి మళ్లీ దొరకకపోవచ్చు. తొలకరి వాన పడిన రోజు మళ్లీ బొగ్గు పట్టుకుని, పాత గుర్తులన్నిటి దగ్గరా దంతెలు తడిమి చూడాలి. తడి తగిలిన చోటుకు, వానలు ముదరకముందే, తట్టెడు చౌడు పడాలి.